మాత్ర వేసుకుంటున్నా జబ్బు ముదరడం వెనుక

2001కి ముందు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త కేన్సర్ ముదిరిందని కనుక్కోవడం కష్టం కాదు. తెల్లకణాలు అదుపు తప్పేవి, ప్లీహం ఉబ్బేది, రక్తంలో బ్లాస్టులనే ఎదగని కణాలు నిండేవి. చాలామంది మూడు నుంచి ఐదేళ్లలో ఆ దశకు చేరేవారు.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో ఓ పొట్టి క్రోమోజోమును చూశారు. దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోమని పేరొచ్చింది. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడమే దానికి కారణమని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకులో పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ ఎంజైముకు ఆగడం తెలియదు, కణాలను పెంచుతూనే ఉంటుంది. దానిలో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కూర్చునే గుంటను మూసేసే మాత్రే ఇమాటినిబ్. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది.

మందు పట్టు తప్పడానికి కారణం కూడా ఆ ఏడాదే దొరికింది. ఎంజైము 315వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఐసోల్యూసిన్ అనే మరోటి వస్తే ఇమాటినిబ్‌కు పట్టుకొమ్మలాంటి హైడ్రోజన్ బంధం పోతుంది. లావుపాటి ఐసోల్యూసిన్ దారికి అడ్డం కూడా పడుతుంది. తర్వాత వచ్చిన డాసటినిబ్, నిలోటినిబ్ చాలా మార్పులను దాటాయి గానీ టీ315ఐ అనే ఈ మార్పు దగ్గర ఓడాయి. 2012లో వచ్చిన పొనాటినిబ్ దాన్ని గెలిచింది. కాకపోతే రక్తనాళాలు మూసుకుపోతున్నాయని 2013లో అమెరికాలో కొన్నాళ్లు అమ్మకం ఆపారు. 2021 నాటి అసిమినిబ్ అసలు ఏటీపీ గుంట జోలికే పోదు, మరోచోట అతుక్కుంటుంది.

ఇప్పుడు జబ్బుకు కొలత పీసీఆర్, అంటే రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ జన్యువు ఆనవాళ్లను లెక్కగట్టే పరీక్ష. బీసీఆర్-ఏబీఎల్ శాతం మూడో నెలకు 10, ఆరో నెలకు 1, ఏడాదికి 0.1 లేదా అంతకు తక్కువ ఉండాలి. ఇక్కడే గందరగోళం. అంకె పెరగడం వేరు, జబ్బు ముదరడం వేరు. ఒక్క రిపోర్టు చూసి మందు మార్చకూడదు, మళ్లీ చేయించాలి. మాత్రలు తప్పుతున్నాయా అన్నది మొదటి ప్రశ్న. క్షయకిచ్చే రిఫాంపిసిన్ వాడితే రక్తంలో ఇమాటినిబ్ పడిపోతుంది, ఎసిడిటీ మందులతో డాసటినిబ్ ఒంటికి సరిగా పట్టదు. ఇవేవీ కాకుండా అంకె ఇంకా ఎక్కువగానే ఉంటే, మందు మార్చేముందే మ్యుటేషన్ (టీ315ఐ లాంటి జన్యు మార్పు) పరీక్ష చేయించాలి. ఏ మందు పనికొస్తుందో అదే చెబుతుంది.

మ్యుటేషన్ లేకపోయినా మొండికేసే జబ్బు ఉంటుంది. అదనంగా 8వ క్రోమోజోము, రెండో ఫిలడెల్ఫియా క్రోమోజోము లాంటివి చేరితే కణానికి బీసీఆర్-ఏబీఎల్ ఒక్కటే దిక్కు కాదు. బ్లాస్టులు 20 శాతం లేదా అంతకు మించితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది బ్లాస్ట్ దశ. అప్పుడు సాధారణంగా మాత్రకు కీమో కలిపి జబ్బును వెనక్కి నెట్టి, వీలైనవారికి వెంటనే మూలకణ మార్పిడి చేస్తారు.