పరికరం చేతికి రాకముందే డ్రైవర్ పరీక్ష: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ‘డ్రైవర్లను పరీక్షిస్తాను’ అంటే ఘాట్ రోడ్డు బస్సుల సంగతి అనుకుంటారు. నా డ్రైవర్లు వేరు. పరికరానికీ లినక్స్ కెర్నెల్‌కూ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకూ) మధ్య మాట నడిపే ప్రోగ్రాములవి. పరికరానికి సాఫ్ట్‌వేర్‌లో నకలు తయారుచేసి, డ్రైవర్‌ను దాని మీద నడిపి చూడటం నా పని. ఇక్కడి ఇంజినీరింగ్ విద్యార్థులతో మాట్లాడినప్పుడల్లా ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: పరికరం లేకుండా పరీక్షించడం గట్టున కూర్చుని ఈత నేర్చుకోవడమే.

వాస్తవం: మంచి డిస్కు మనం అడిగినప్పుడు చెడిపోదు, నకలు చెడిపోతుంది. లినక్స్‌లోని ‘స్కజీ డీబగ్’ మాడ్యూల్ ర్యామ్‌లో కొంత భాగాన్ని డిస్కుగా చూపిస్తుంది. కోరితే ఆ డిస్కులో 4660వ సెక్టార్ (చిన్న ముక్క) చదివినప్పుడల్లా లోపం వచ్చిందని జవాబిస్తుంది. కంప్యూటర్ లోపల గుచ్చే పీసీఐ కార్డును హఠాత్తుగా ఊడబెరికితే, ఆ తర్వాత దాని ఏ రిజిస్టర్ (పరికరం తన స్థితిని బిట్లలో చూపే చిన్న గడి) చదివినా అన్నీ ఒకట్లే వస్తాయి. ‘బిజీ’ బిట్ సున్నా అయ్యేదాకా ఆగుదామనుకున్న డ్రైవర్ ఇక ఆగుతూనే ఉంటుంది. ఇది తెలుసుకోవడానికి ఖరీదైన కార్డును పదే పదే పీకనక్కరలేదు.

అపోహ: నకలు మీద పరీక్షలన్నీ పాసైతే డ్రైవర్ సరైనదే.

వాస్తవం: ఇందులో నేనే దెబ్బతిన్నాను. ఒక సెన్సర్ చిప్‌లో స్థితి రిజిస్టర్‌ను చదవగానే అందులోని బిట్లు చెరిగిపోతాయి. చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్‌లోని ఆ ఒక్క వాక్యం నా కంట పడలేదు. డ్రైవర్ రాసిందీ నేనే, నకలు రాసిందీ నేనే. డ్రైవర్ రెండుసార్లు చదివేది, నకలు రెండుసార్లూ ఒకే విలువ ఇచ్చేది. తోడుదొంగల సాక్ష్యం! అసలు బోర్డు వచ్చాక రెండోసారి సున్నా కనిపించింది. అప్పటినుంచి నకలును మరొకరితో రాయిస్తున్నాను. డేటాషీట్‌ను ఇద్దరం విడివిడిగా చదువుతాం.

నకలు దాచేవి ఇంకా ఉన్నాయి. ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో మొదలుపెట్టిన క్యూఈఎంయూ కంప్యూటర్ మొత్తానికే నకలుగా నడిచే ప్రోగ్రామ్. అది ప్రాసెసర్ కాష్‌లను, అంటే మెమరీలోని డేటాకు ప్రాసెసర్ తన దగ్గర ఉంచుకునే ప్రతులను, అనుకరించదు. డీఎంఏ (పరికరమే నేరుగా మెమరీని చదవడం, రాయడం) చేసేటప్పుడు కాష్‌ను సరిచేయడం మరిచిన డ్రైవర్ అక్కడ హాయిగా నడిచి, కొన్ని ఏఆర్‌ఎం ప్రాసెసర్ బోర్డుల మీద పాత డేటా చూపిస్తుంది. సమయం లెక్కలూ అంతే, వాటిని బోర్డు మీదే తేల్చుకోవాలి.

అపోహ: నకలు తయారీ పెద్ద కంపెనీల పని.

వాస్తవం: లినక్స్‌లో కెమెరాకు ‘వివిడ్’, వైఫైకి ‘హెచ్‌డబ్ల్యూసిమ్’ సిద్ధంగా ఉన్నాయి. నేర్చుకునేవారికి క్యూఈఎంయూలోనే ‘ఎడ్యు’ అనే పీసీఐ పరికరం ఉంది. సంఖ్య రాస్తే ఫాక్టోరియల్ లెక్కకడుతుంది, కోరితే పూర్తయ్యాక ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ (‘పని అయింది’ అనే సంకేతం) పంపుతుంది. దాని డీఎంఏ మామూలుగా 28 బిట్ల చిరునామాలనే, అంటే 256 ఎంబీ లోపలి మెమరీనే అందుకోగలదు. ఒక విద్యార్థి ఆ పరిమితిని డ్రైవర్‌లో చెప్పడం మరిచాడు. క్యూఈఎంయూ మామూలుగా ఇచ్చే మెమరీ 128 ఎంబీయే కాబట్టి అంతా బాగానే నడిచింది. మెమరీని 1 జీబీకి పెంచి చూడమన్నాను. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు: “సార్, డేటా అంతా తప్పుగా వస్తోంది.”