వెనక్కి రాలేని యంత్రం

సొరంగాలు తవ్వే టీబీఎం (టన్నెల్ బోరింగ్ మెషీన్) అంటే ఒక పేద్ద డ్రిల్లు అనుకుంటాం. నిజానికి దాని ముందుండే గుండ్రటి కటర్ హెడ్ నిమిషానికి కొద్ది చుట్లే తిరుగుతుంది. దాని మీది ఉక్కు డిస్కులు రాయిని కోయవు కూడా. ఒక్కోటీ సుమారు 25 టన్నుల ఒత్తిడితో దొర్లుతూ రాతిలో గాడి పెడుతుంది. పక్కపక్క గాడుల పగుళ్లు కలిసిన చోట రాయి పెచ్చులుగా ఊడిపోతుంది.

మరి అంత బలంగా నెట్టాలంటే దేనికో ఒకదానికి కాళ్లు తన్నిపెట్టాలి కదా? గట్టి రాతిలో కొన్ని యంత్రాలు పక్క గోడలకే ఆనుకుంటాయి. మెత్తటి నేలలో ఆ వీలు లేదు. అక్కడ యంత్రం తాను ఇప్పుడే కట్టిన గోడను తన్నుకుని ముందుకెళ్తుంది.

ఒకటిన్నర, రెండు మీటర్లు తవ్వాక యంత్రం ఆగుతుంది. దాన్ని ముందుకు నెట్టే జాకీల్లో కొన్ని ముడుచుకుంటాయి. ఆ ఖాళీలోకి ఒక యాంత్రిక హస్తం టన్నుల బరువున్న కాంక్రీటు ముక్కను ఎత్తి, తిప్పి, పొందిగ్గా కూర్చోబెడుతుంది. వెంటనే జాకీలు దాని మీద ఆనుతాయి. అన్నీ ఒకేసారి ముడిస్తే ముందున్న మట్టీ నీళ్లూ యంత్రాన్ని వెనక్కి తోసేస్తాయి. ఇలా ముక్కలు పేర్చుకుంటూ వెళ్లి చివరికి చీలలాంటి ముక్కను దూర్చితే గోడగా నిలిచే రింగు పూర్తి. దాని చుట్టూ మిగిలే సందును గ్రౌట్‌తో, అంటే గట్టిపడే పల్చటి సిమెంటు మిశ్రమంతో నింపుతారు.

ఆపరేటరుకు అసలు టెన్షన్ మట్టిని బయటికి వదలడంలో ఉంటుంది. మరలా తిరుగుతూ మట్టిని వెనక్కి లాగే స్క్రూ కన్వేయర్ ఎక్కువ లాగేస్తే ముందు ఒత్తిడి పడిపోయి పైన నేల కుంగుతుంది. తక్కువ లాగితే ఉబ్బుతుంది.

థేమ్స్ నది కింద సొరంగానికి 1825లో పని మొదలుపెట్టిన ఇంజనీరు మార్క్ బ్రూనెల్‌కు షీల్డు (తవ్వేచోట నేల కూలకుండా కాచే తొడుగు) ఆలోచన ఓడల చెక్కను తొలిచే పురుగు నుంచి వచ్చిందంటారు. అదీ తొలుస్తూనే వెనక గోడకు సున్నపు పూత వేసుకుంటుంది.

రింగును షీల్డు లోపలే కడతారు కాబట్టి అది యంత్రం కన్నా సన్నం. అంటే వచ్చిన దారిలో యంత్రం వెనక్కి పట్టదు. సియాటిల్‌లో దాదాపు 17.5 మీటర్ల వ్యాసమున్న బెర్తా అనే టీబీఎం 2013 డిసెంబరులో మొరాయించింది. వెనక్కి లాగే దారి లేక, దాని ముందు పైనుంచి పెద్ద గొయ్యి తవ్వి, తలను క్రేనుతో ఎత్తి బాగు చేశారు. మళ్లీ కదిలేసరికి రెండేళ్లు పట్టింది.

ఇంగ్లిష్ చానల్ కింద రెండు దేశాల నుంచి యంత్రాలు ఎదురెదురుగా తవ్వుకొచ్చినప్పుడూ ఇదే చిక్కు. బ్రిటన్ వైపు నుంచి వచ్చినవాటిని దారి మళ్లించి తమ గోతిని తామే తవ్వుకోనిచ్చారు. అవి ఇప్పటికీ సముద్రం అడుగునే ఉన్నాయి.