లైన్‌కి ఇన్ఫెక్షన్, సిస్టర్‌కి మెమో

కాకినాడ నుంచి భీమవరం దాకా ఐసీయూ నర్సులు ఇద్దరు కలిస్తే మళ్లీ అదే మాట. సెంట్రల్ లైన్, అంటే మందులెక్కించడానికి పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం, ఉన్న రోగికి రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తే తప్పెవరిది? చేతులు కడగడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ మందుతో శుభ్రం చేయడం వంటి జాగ్రత్తలు అందరికీ తెలిసినవే. వాటిని వదిలి 2021 మే నెలకు రావాలి. అలవాటు తప్పింది అక్కడే.

మా చిన్నమ్మ కూతురు అప్పుడు గోదావరి డెల్టాలోని ఒక ఆసుపత్రిలో కోవిడ్ డ్యూటీ చేసింది. రోగిని బోర్లా పడుకోబెడితే పదహారు గంటలు అలాగే ఉంచేవారు. మెడ దగ్గరి లైన్ మీది డ్రెస్సింగ్ చెమటకి, నోటి నుంచి కారే చొల్లుకి ఓ మూల లేచేది. లేస్తే వెంటనే మార్చాలి. కానీ బోర్లా ఉన్న మనిషి మెడ కింద ఆ మూల ఎలా కనబడుతుంది? పైగా కళ్లద్దాల నిండా ఆవిరి.

అంతకన్నా పెద్ద మార్పు గ్లోవ్స్‌లో వచ్చింది. అంతకుముందు మంచం మారితే గ్లోవ్స్ మార్చాల్సిందే, అది రోగి కోసం. కోవిడ్ వార్డులో అవి సిస్టర్ ప్రాణం కోసమయ్యాయి. అందరూ పాజిటివే కదా అని వాటి మీదే శానిటైజర్ రాసుకుని మంచం మంచం తిరిగారు. బ్యాక్టీరియా కూడా వాళ్లతోనే తిరిగింది. అమెరికాలోనూ 2020 చివరి మూడు నెలల్లో ఈ ఇన్ఫెక్షన్లు అంతకుముందు ఏడాదికన్నా 47 శాతం పెరిగాయని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క.

శిక్షణ ఇచ్చాం, హబ్‌ని, అంటే లైన్‌కి సిరంజి తగిలించే మూతిని, 15 సెకన్లు స్పిరిట్‌తో రుద్దడానికి ఏం కష్టం అన్నది యాజమాన్యాల మాట. రుద్దాల్సిందే. కానీ లైన్ వేసేటప్పుడు ఒక్కో జాగ్రత్తకీ టిక్కు పెట్టే చెక్‌లిస్టుకి పేరు తెచ్చిన, అమెరికాలోని మిషిగన్‌ రాష్ట్రం కథ సగమే మన దాకా వచ్చింది. 2006లో అచ్చయిన ఆ అధ్యయనంలో, మూడు నెలలకే సగానికి పైగా ఐసీయూల్లో ఈ ఇన్ఫెక్షన్లు సున్నాకి వచ్చాయి. అక్కడ డాక్టరు ఒక మెట్టు దాటేస్తే ఆపమనే అధికారం నర్సుకిచ్చారు. ఇక్కడ సిస్టర్ చేతికి టిక్కులు పెట్టే కాగితం ఇచ్చి ఊరుకున్నారు.

వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక నర్సు ఉండాలి. కోవిడ్‌లో తాత్కాలికంగా తీసుకున్నవాళ్లు గడువు తీరి వెళ్లిపోయారు. ఇప్పుడు రాత్రి డ్యూటీలో ఒక్కరే ఎన్ని మంచాలు చూశారో, అవసరం తీరిన లైన్‌ని ఇంకా ఎందుకు ఉంచారో, ఉంచమన్నదెవరో మెమోలో రాయరు. సిస్టర్ పేరు మాత్రం రాస్తారు.