రన్‌ఫ్లాట్ టైరు పేలదా? జయపురం టైరు షాపులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

ఒడిశా కోరాపుట్ జిల్లా జయపురంలో మాది టైర్ల షాపు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి వచ్చేవాళ్లు, మర్నాడు అదే ఘాట్ దిగి విజయనగరం, విశాఖ పోయేవాళ్లు మా దగ్గర ఆగుతుంటారు. ఒకప్పుడు లారీలు, జీపులే ఎక్కువ. ఇప్పుడు రన్‌ఫ్లాట్ టైర్లున్న (గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు) ఖరీదైన కార్లు కూడా ఈ రోడ్డెక్కుతున్నాయి, వాటితోపాటే కొన్ని నమ్మకాలు కూడా. గాలి పోయినప్పుడు కన్నా ఈ నమ్మకాల వల్లే ఎక్కువ నష్టం జరగడం చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నా.

అపోహ: "రన్‌ఫ్లాట్ కదన్నా, అది పేలదు."

పేలుతుంది. రన్‌ఫ్లాట్‌లో ఉన్న ప్రత్యేకత ఒక్కటే, పక్కగోడ లోపల వేడికి తట్టుకునే మందపాటి రబ్బరు అదనంగా వేస్తారు. మేకు దిగి గాలంతా పోయినా, కారు బరువును కొంతదూరం ఆ గోడే మోస్తుంది. మరి గోతి అంచుకు గట్టిగా కొట్టుకుని ఆ గోడే చిరిగిపోతే మోసేదేముంది? అప్పుడు దానికీ మామూలు టైరుకీ పెద్ద తేడా ఉండదు. గాలి పోవడం వేరు, టైరు పేలడం వేరు. రన్‌ఫ్లాట్‌ని మొదటిదాని కోసం చేశారు, రెండోదాని కోసం కాదు. పైగా ఆ గోడ గట్టిగా ఉండడం వల్ల గోతుల దెబ్బ రిమ్ముకీ ఎక్కువే తగులుతుంది.

మీ కారుకి ఉన్నవి రన్‌ఫ్లాట్లో కాదో తెలియకపోతే టైరు పక్కన చూడండి. కంపెనీని బట్టి ఆర్‌ఎఫ్‌టీ, ఆర్‌ఓఎఫ్, ఎస్‌ఎస్‌ఆర్, జెడ్‌పీ అని ఉంటుంది, బీఎండబ్ల్యూ కోసం చేసిన వాటి మీద ఆర్‌ఎస్‌సీ అని కూడా ఉంటుంది.

అపోహ: "గాలి లేకపోయినా 80 కిలోమీటర్లు వెళ్లిపోవచ్చు."

ఆ మాటకి ముందూ వెనకా ఉన్న షరతులు ఎవరూ చదవరు. సాధారణంగా కంపెనీలు చెప్పేది, గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా సుమారు 80 కిలోమీటర్ల దూరం. అందులోనూ ఎన్ని కిలోమీటర్లన్నది మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకె, టైరు అమ్మినాయన నోటిమాట కాదు. అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకుని, మే నెల ఎండలో ఘాట్ రోడ్డు మీద పోతుంటే ఆ దూరం తగ్గిపోతుంది. గాలి లేని గోడ ప్రతి చుట్టుకీ నలుగుతుంది, నలిగేకొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడే చివరికి టైరుని ముక్కలు చేస్తుంది. అంటే పంక్చర్‌తో పోయేదాన్ని మనమే నడిపి నడిపి పేలేదాకా తెచ్చుకుంటాం.

ఇక మన వైపు సంగతి. జయపురం నుంచి విశాఖకి రెండొందల కిలోమీటర్ల పైమాటే. 80 కిలోమీటర్లలో మీరు చేరేది పొట్టంగి దగ్గరో సుంకి దగ్గరో ఉన్న చిన్న పంక్చర్ షాపుకి. అక్కడి కుర్రాడికి పనితనం లేక కాదు, రన్‌ఫ్లాట్ గోడ గట్టిది, సహాయ చెయ్యి (హెల్పర్ ఆర్మ్) ఉన్న టైరు విప్పే మిషన్ లేకుండా గునపాలతో పెకిలిస్తే టైరు అంచు తెగుతుంది, రిమ్మూ పోతుంది. పైగా మీ సైజు టైరు అక్కడ దొరకదు. కాబట్టి ఆ 80 కిలోమీటర్లని ఇంటికి చేరే దూరంగా లెక్కేసుకోకండి, మలుపులోంచీ చీకట్లోంచీ బయటపడి ధాబా దగ్గరో పెట్రోల్ బంకు దగ్గరో ఆగడానికి దొరికిన అవకాశం అనుకోండి.

అపోహ: "టైరు పేలితే వెంటనే బ్రేకు తొక్కాలి."

దీని గురించే కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడే.

పెద్ద శబ్దం వస్తుంది, బండి ఒక పక్కకి లాగుతుంది, కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుంది. ఆ కాలిని ఆపుకోవాలి. పేలిన చక్రం రోడ్డుని సరిగా పట్టుకోలేదు, మిగతా మూడూ పట్టుకుంటాయి, గట్టిగా బ్రేకు వేస్తే ఆ తేడా వల్ల బండి ఒక్కసారిగా తిరిగిపోతుంది. ఏబీఎస్ ఉంది కదా అంటారు, అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది గానీ లేని పట్టుని తెచ్చిపెట్టదు.

రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని బండిని తిన్నగా పోనివ్వడం మొదటి పని. ముందు టైరు పోతే ఆ పక్కకి లాగుతుంది, స్టీరింగ్‌లో బరువు తెలుస్తుంది. వెనక టైరు పోతే స్టీరింగ్‌లో పెద్దగా తెలియదు, వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది, డ్రైవర్లు భయపడి స్టీరింగ్ కోసేది (ఒక్కసారిగా తిప్పేసేది) అప్పుడే. కోయొద్దు. ఎంత పక్కకి పోతోందో అంతే, చిన్నగా సరిదిద్దండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా లాగేయకుండా మెల్లగా వదలండి. బండి తిన్నగా నడుస్తోందనీ, వేగం బాగా తగ్గిందనీ నమ్మకం కుదిరాకే, ఇండికేటర్ వేసి, అద్దంలో వెనక చూసి, ఎడమ పక్కకి తీయండి.

ఇది మైదానంలో లెక్క. ఘాట్ దిగుతుంటే కాలు వదిలేసినంత మాత్రాన బండి ఆగదు, పల్లం లాగుతూనే ఉంటుంది. అక్కడ ముందు బండిని తిన్నగా నిలబెట్టి, గేరు ఒక్కొక్కటే తగ్గిస్తూ, బ్రేకుని మెల్లమెల్లగా నొక్కుతూ రావాలి. అందుకే సుంకి దిగేటప్పుడు మొదటి నుంచీ తక్కువ గేరులో దిగమని నేను అందరికీ చెప్పేది. కిందదాకా బ్రేకు మీదే వస్తే డిస్కులు కాలతాయి, ఆ వేడి రిమ్ముకీ టైరు అంచుకీ పాకుతుంది.

ఆగాక హజార్డ్ లైట్లు వేయండి, మనుషుల్ని రోడ్డుకి దూరంగా దించండి, త్రికోణం బోర్డుని బండి వెనకాలే కాకుండా మలుపుకి అవతల, వచ్చేవాళ్లకి ముందే కనబడేలా పెట్టండి. మన లారీలవాళ్లు చెట్టుకొమ్మలు, రాళ్లు పెడతారు, పర్లేదు. కానీ పోయేటప్పుడు ఆ రాళ్లు తీసెయ్యండి నాయనా! రాత్రి ఇంకో బండి టైరు వాటికే బలైపోతుంది.

అపోహ: "ఎండాకాలం గాలి వ్యాకోచిస్తుంది, రెండు పాయింట్లు తగ్గించి కొట్టు."

మా షాపులో అన్నిటికన్నా ఎక్కువ వినపడే మాట ఇదే, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. పది డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగితే టైరులో సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ (మనం పాయింటు అనేది ఇదే) పెరుగుతుంది. మంచి టైరు తట్టుకునే దానితో పోలిస్తే అది లెక్కలోకి రాదు, ఎంత గాలి కొట్టాలో కంపెనీ అంకె ఇచ్చేటప్పుడే ఈ పెరుగుదలను కూడా చూసుకుని ఇస్తుంది. గాలి తగ్గిస్తే గోడ ఎక్కువ వంగుతుంది, వేడి ఎక్కువ పుడుతుంది. ఎండాకాలంలో పేలే టైర్లలో నాకు కనబడేవి చాలావరకు గాలి తక్కువైనవో, ఎప్పుడో గోతిలో దెబ్బ తిన్నవో, లేదా బాగా పాతబడినవో.

బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె ప్రకారం కొట్టించండి. ఫుల్ లోడుకి వేరే అంకె ఉంటుంది, అదీ చూడండి. టైరు పక్కన అచ్చయి ఉండేది గరిష్ఠ పరిమితి, కొట్టించాల్సిన అంకె కాదు.

అపోహ: "నైట్రోజన్ కొట్టిస్తే పేలదు."

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. కాస్త నెమ్మదిగా తగ్గుతుందేమో గానీ తెగిన గోడని అదేమీ అతికించదు. ఊరికే ఇస్తే కొట్టించుకోండి.

అపోహ: "టైరు చూడగానే గాలి ఉందో లేదో చెప్పేస్తా."

మామూలు టైరైతే కొంతవరకు చెప్పొచ్చు. రన్‌ఫ్లాట్ గాలి పోయినా నిటారుగానే నిలబడుతుంది, కాలితో తన్ని చూసినా తెలియదు. అందుకే ఆ కార్లలో ప్రెషర్ హెచ్చరిక లైటు తప్పనిసరి. దాన్ని "సెన్సార్ తేడా అన్నా" అని వదిలేసి రోజుల తరబడి తిరిగేవాళ్లున్నారు. చలికాలం ఉదయాన్నే సిమిలిగుడ, కోరాపుట్ చలికి ఆ లైటు వెలగడం మామూలే, కానీ వెలిగిందంటే గాలి తగ్గిందనే అర్థం. గేజీ పెట్టి చూసి, సరిచేసి, ఆ తర్వాతే రీసెట్ నొక్కాలి. గాలి కొట్టకుండా రీసెట్ చేస్తే, కొన్ని కార్లు ఆ తక్కువ గాలినే సరైనదని గుర్తుపెట్టుకుంటాయి.

అపోహ: "స్టెప్నీ లేకుండా కారు అమ్మడం మోసం."

మోసం కాదు. ట్యూబ్‌లెస్ టైర్లు, ప్రెషర్ హెచ్చరిక, రిపేరు కిట్ ఉంటే స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. కానీ కిట్‌లోని ద్రవం టైరు రోడ్డుకి తగిలే నడిమి భాగంలో మేకు రంధ్రానికి పనికొస్తుంది, పక్కన చిరిగినదానికి పనిచేయదు. రన్‌ఫ్లాట్లు పీకేసి మామూలు టైర్లు వేయించుకుందాం అనేవాళ్లకి నేను వద్దనను, ఈ రోడ్లకి మెత్తగా కూడా ఉంటాయి, కాకపోతే నాలుగూ మార్చాలి, స్టెప్నీ, జాకీ, బోల్టులు విప్పే పానా, లాక్ బోల్టు తాళం అన్నీ డిక్కీలో ఉండాలి. రెండు రకాలూ కలిపి వేయమంటే మాత్రం వేయను.

అపోహ: "గాలి లేకుండా నడిపినా పంక్చర్ వేస్తే సరిపోతుంది."

పైకి బాగానే కనిపిస్తుంది. విప్పి లోపల చూస్తే గోడ పొడవునా నలిగి రాలిన రబ్బరు పొడి. అలాంటి టైరుకి నేను ప్యాచ్ వేయను, ఎంత బతిమాలినా సరే. ఎంత దూరం ఖాళీగా నడిచిందో డ్రైవర్‌కే తెలియదు, కాబట్టి చాలా కంపెనీలు కూడా మార్చేయమనే చెప్తాయి.

అపోహ: "రెండే కొత్తవి కొంటే ముందుకి వేయాలి."

వెనక్కి. వెనక పట్టు పోతే తడి రోడ్డు మీద బండి తిరిగిపోతుంది, మామూలు డ్రైవర్ దాన్ని సరిదిద్దలేడు. కొనేటప్పుడు పక్కన ఉన్న నాలుగంకెల తేదీ కూడా చూడండి, 3521 అంటే 2021లో 35వ వారం. ఐదేళ్లు దాటితే ఏటా విప్పించి చూపించాలి, పదేళ్లు దాటితే బటన్లు (రోడ్డుని పట్టే గట్లు) ఎంత ఉన్నా తీసేయాలి.

దారిలో ఆగిపోతే జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033. మాలాంటి షాపుకి ఫోన్ చేసేటప్పుడు "పెద్ద కారండీ, నల్ల టైరు" అనకుండా, పక్కన అచ్చయిన సైజూ, ఆ చిన్న అక్షరాలూ ఫొటో తీసి పంపండి. విశాఖ నుంచి రావాల్సిన టైరైతే ఆ రాత్రి బస్సుకే వేయించగలం.