డెలివరీ డేట్ వెనుక ఉన్న పాత లెక్క

నెల తప్పిందని ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ ముందు అడిగేది ఆఖరి నెలసరి ఎప్పుడు మొదలైందని. దానికి ఏడు రోజులు కలిపి, తొమ్మిది నెలలు ముందుకు లెక్కేసి కార్డు మీద ఒక తేదీ రాస్తారు. జనవరి 10 అయితే అక్టోబర్ 17. మొత్తం 280 రోజులు.

ఈ లెక్కను జర్మనీలోని హైడల్‌బర్గ్ ప్రసూతి వైద్యుడు ఫ్రాంజ్ నేగెలే (1778–1851) పేరుతో పిలుస్తారు. అయితే అంతకుముందే నెదర్లాండ్స్ వైద్యుడు హెర్మన్ బూర్హావే ఇలాంటి లెక్కే చెప్పాడు. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కించాలన్నది తర్వాత స్థిరపడింది. అంటే గర్భం నిలవకముందు గడిచిన రెండు వారాలూ ఇందులో కలిసే ఉన్నాయి. అవి తీసేస్తే 266 రోజులు. మన చాంద్రమాన నెల సుమారు 29న్నర రోజులు కాబట్టి, తొమ్మిది నెలలు దాదాపు అంతే అవుతాయి. నవమాసాలు అన్న మాట ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి!

ఇబ్బంది ఎక్కడంటే, ఈ లెక్క ప్రతి స్త్రీకీ 28 రోజులకే నెలసరి వస్తుందనుకుంటుంది. 35 రోజులకు వచ్చేవారికి అండం వారం ఆలస్యంగా విడుదలవుతుంది, కాన్పు తేదీని కూడా వారం ఆలస్యంగానే లెక్కించాలి. అది చూడకపోతే ఆ తల్లికి "డేట్ దాటిపోయింది" అన్న టెన్షన్ ఊరికే మొదలవుతుంది. నిజానికి చెప్పిన రోజునే పుట్టే పిల్లలు వందకు ఐదుగురు కూడా ఉండరు. 37 వారాలు నిండితే నెలలు నిండినట్టే.

తేదీ గుర్తులేని వారికి దారి చూపింది స్కానింగ్. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డోనాల్డ్ బృందం 1958లో అల్ట్రాసౌండ్ చిత్రాలను ప్రచురించింది. 1973లో అక్కడే హ్యూ రాబిన్సన్ తల నుంచి పిరుదుల దాకా పిండం పొడవు కొలిచి వయసు చెప్పే పద్ధతి చూపించాడు. మొదటి మూడు నెలల్లో పిండాలన్నీ ఇంచుమించు ఒకేలా పెరుగుతాయి, అందుకే అప్పటి కొలత వారం లోపు తేడాతో సరిపోతుంది. తర్వాత ఒక బిడ్డ బొద్దుగా, ఒక బిడ్డ సన్నగా పెరుగుతారు. ఎనిమిదో నెల రిపోర్టులో తేదీ మారిందని కంగారు పడే అమ్మాయిలకు ఈ మాట ఎవరైనా ముందే చెప్పాలి. తొలి స్కానింగ్‌తో ఖాయం చేసిన తేదీని తర్వాతి స్కానింగ్ చూసి మార్చరు.

మరి ఐదో నెల దాటాక మొదటిసారి ఆసుపత్రికి వచ్చేవారి సంగతి? వారికి ఇన్నాళ్లూ వాడుతున్నవి ఎక్కువగా పాశ్చాత్య దేశాల గర్భిణుల కొలతలతో కట్టిన సూత్రాలే. గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రికి వచ్చిన గర్భిణుల వివరాలతో ఐఐటీ మద్రాస్, ఫరీదాబాద్‌లోని వైద్య పరిశోధన సంస్థ టీహెచ్‌ఎస్‌టీఐ పరిశోధకులు 'గర్భిణి-జీఏ2' అనే సూత్రం తయారుచేసి 2024లో ప్రకటించారు. అది నాలుగో నెల నుంచి కాన్పు దాకా పిండం వయసు లెక్కించడానికే.