రైతు పేరిట తగ్గిన డీజిల్ కారు ట్యాంకులోకి ఎలా చేరింది

2012 మే నెలాఖరున ఢిల్లీలో లీటరు పెట్రోలు 73.18 రూపాయలుంటే డీజిల్ 40.91 రూపాయలే. ఇంత తేడాకు మూలం రెండేళ్ల ముందటి నిర్ణయం. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోలు ధరపై అదుపు ఎత్తేసి, డీజిల్‌ను మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. లారీ, ఆర్టీసీ బస్సు, ట్రాక్టరు, పొలంలో నీళ్లు తోడే ఇంజను అన్నీ డీజిల్‌తోనే నడుస్తాయి. దాని ధర పెరిగితే ఆ సెగ కూరగాయల బుట్ట దాకా తగులుతుంది. ఈ వాదనలో తప్పు లేదు. చిక్కు వచ్చింది బంకులో. ట్రాక్టరుకు పోసిన గొట్టంతోనే పెద్ద ఎస్‌యూవీకీ పోస్తారు.

కారు కొనేవాళ్లు లెక్క వేసుకున్నారు. లీటరుకు పెట్రోలు కారు 15 కిలోమీటర్లు, డీజిల్ కారు 20 ఇస్తాయనుకుందాం. 2012 నాటి ఆ ధరల్లో కిలోమీటరుకు 2.83 రూపాయలు మిగులుతాయి. డీజిల్ కారుకు లక్ష ఎక్కువ పెట్టినా 35 వేల కిలోమీటర్లకే అసలు తిరిగొస్తుంది. దాంతో ఆ రోజుల్లో అమ్ముడైన కార్లలో సగం దాకా డీజిల్‌వే అయ్యాయి.

ఈ ముప్పును ముందే గుర్తించినవారున్నారు. 2010లోనే ఇంధన ధరలపై కేంద్రం వేసిన కిరీట్ పారిఖ్ నిపుణుల సంఘం డీజిల్ కారుపై అదనంగా 80 వేల రూపాయల ఎక్సైజ్ సుంకం వేయమంది. లారీ, ట్రాక్టరు జోలికి పోకుండా కారు యజమాని దగ్గరే రాయితీ వెనక్కి తీసుకునే దారి అది. పంపు దగ్గర వేరు చేయలేనిదాన్ని షోరూమ్ దగ్గర వేరు చేయవచ్చు. అంత సూటైన సలహాను పక్కన పడేయడం ఈ కథలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 2016 బడ్జెట్‌లో చిన్న పెట్రోలు కార్లపై 1 శాతం, చిన్న డీజిల్ కార్లపై 2.5 శాతం సెస్ వేసేసరికి ఆలస్యమైంది.

ఆ కార్ల పొగకు నిబంధనలూ ఉదారంగానే ఉండేవి. బండ్ల పొగకు కేంద్రం పెట్టే భారత్ స్టేజ్ పరిమితుల్లో నాలుగోదైన బీఎస్-4లో పెట్రోలు కారు కిలోమీటరుకు 0.08 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చు. డీజిల్ కారుకు 0.25 గ్రాముల దాకా అనుమతి.

ధరల తేడా చివరికి తగ్గింది, కానీ కాలుష్యం కోసం కాదు. 2013 జనవరి నుంచి డీజిల్‌ను నెలకు 50 పైసల చొప్పున పెంచి, 2014 అక్టోబరులో అదుపు పూర్తిగా ఎత్తేశారు. అదే సమయంలో ముడి చమురు చవకైంది. ఆ మిగులును కేంద్రం ఎక్సైజ్ రూపంలో తీసుకుంది. 2014 ఏప్రిల్‌లో లీటరు డీజిల్‌పై 3.56 రూపాయలున్న సుంకం 2020 మే నాటికి 31.83కు చేరింది, దాదాపు తొమ్మిది రెట్లు. ఇందులో ఎక్కువ భాగం రాష్ట్రాలకు వాటా రాని సెస్, ప్రత్యేక సుంకం. రాష్ట్రాలూ తమ వంతు వడ్డించాయి. 2015లో తెలంగాణ డీజిల్‌పై వ్యాట్‌ను 22.25 నుంచి 27 శాతానికి పెంచింది, ఆంధ్రప్రదేశ్ లీటరుకు 4 రూపాయలు అదనంగా వేసింది.

2020 జూన్ 24న ఢిల్లీలో డీజిల్ 79.88, పెట్రోలు 79.76. పై లెక్కే మళ్లీ వేస్తే అసలు రాబట్టడానికి 75 వేల కిలోమీటర్లు కావాలి.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మరింత కఠినమైన బీఎస్-6 వచ్చింది. డీజిల్ నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 0.08కి, సూక్ష్మ ధూళి 0.025 నుంచి 0.0045 గ్రాములకు పడిపోయింది. ఇంధనంలో గంధకం 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) నుంచి 10కి తగ్గించారు, ఎందుకంటే గంధకం ఎక్కువైతే పొగను శుభ్రం చేసే ఉత్ప్రేరకం పాడవుతుంది. మసిని పట్టేందుకు డీపీఎఫ్ అనే జల్లెడ తప్పనిసరైంది.

ఆ జల్లెడ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి పుట్టి మసి కాలిపోవాలి. ఊళ్లో రోజుకు నాలుగైదు కిలోమీటర్లు, సిగ్నల్ సిగ్నల్‌కు ఆగుతూ తిరిగే కారులో ఆ వేడి రాదు. అప్పుడు కారులోని కంప్యూటర్ అదనంగా ఇంధనం చిమ్మి వేడి పెంచుతుంది. సరిగ్గా అప్పుడే ఇల్లు వచ్చి ఇంజను ఆపేస్తే పని మధ్యలో నిలిచిపోతుంది. ఇలా పదేపదే జరిగితే కాలని డీజిల్ పిస్టన్ రింగులు దాటి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి కనిపిస్తుంది కానీ ఆయిల్ పలచబడి ఉంటుంది. డీపీఎఫ్ దీపం వెలిగిన వెంటనే హైవే ఎక్కి 15, 20 నిమిషాలు ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు తేరుకుంటుంది. వదిలేస్తే వర్క్‌షాపుకే.

ఇంత సరంజామా చిన్న కారు ధరలో ఇమడదని మారుతీ 2020 ఏప్రిల్‌తో డీజిల్ కార్లు మానేసింది. 2023 సెప్టెంబరులో డీజిల్ బండ్లపై మరో 10 శాతం జీఎస్టీ అడుగుతానన్న నితిన్ గడ్కరీ, అదే రోజు అలాంటి ప్రతిపాదనేదీ లేదని సర్దిచెప్పారు. జీఎస్టీలో చిన్న పెట్రోలు కారుకు 1 శాతం, చిన్న డీజిల్ కారుకు 3 శాతం సెస్ ఉండేది. 2025 సెప్టెంబరు 22న రెండూ ఒకే 18 శాతం పన్ను కిందికి వచ్చి ఆ కాస్త తేడా కూడా పోయింది.