90 రోజులు దాటితే కేసు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

నాంపల్లి కోర్టు బయట చాయ్ తాగుతుంటే వారానికి ఒక్కరన్నా వచ్చి ఇదే అడుగుతరు, "లాయర్ సార్, మావోడు లోపలికి పోయి 90 రోజులైంది, ఇగ కేసు కొట్టేసినట్టే గదా?" కాదంటే నన్నే అనుమానంగా చూస్తరు, యూట్యూబ్‌లో ఎవరో చెప్పిండట.

అపోహ: టైంకి ఛార్జిషీట్ వేయకపోతే కేసు క్లోజ్.

వాస్తవం: కేసుకేం కాదు. ఆ గడువు జైల్లో ఉన్న మనిషి కోసం పెట్టింది. పోలీసులు, కోర్టులు కేసు ఎట్ల నడపాలో చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 187, అంటే పాత చట్టం సీఆర్పీసీలో 167, ప్రకారం ఉరి, యావజ్జీవం లాంటి పెద్ద సెక్షన్లకు 90 రోజులు, మామూలువాటికి 60, గంజాయి కమర్షియల్ క్వాంటిటీ అయితే 180. దాటితే మాండేటరీ బెయిల్, అంటే కోర్టు ఇచ్చి తీరాల్సిన బెయిల్ వస్తది, పోలీసులు తర్వాత తీరిగ్గా ఛార్జిషీట్ వేసుకోవచ్చు, మనోడు వాయిదాలకు తిరగాల్సిందే.

అది కూడా దానంతట అదే రాదు, పిటిషన్ వేయాలి, ఛార్జిషీట్ కంటే ముందే వేయాలి. లెక్క అరెస్ట్ రోజు నుంచి కాదు, మెజిస్ట్రేట్ రిమాండ్ చేసిన రోజు నుంచి, ఆ రోజు కూడా లెక్కలోకి వస్తదని 2023లో సుప్రీంకోర్టు తేల్చేసింది. నాకే ఒకసారి దెబ్బ పడింది, 60 రోజుల కేసు, 61వ రోజు పొద్దునే పిటిషన్ రెడీ, కానీ వకాలత్ (లాయర్‌ను పెట్టుకున్నట్టు క్లయింట్ ఇచ్చే కాగితం) మీద సంతకం కోసం జూనియర్ చంచల్‌గూడ జైలుకు పోయి వచ్చేసరికి మూడున్నర, రెండింటికే ఛార్జిషీట్ క్లర్క్ టేబుల్ మీదికి వచ్చేసింది. అప్పటినుంచి వకాలత్ మొదటి వారమే తీసి పెట్టుకుంటున్న.

అపోహ: మూడేళ్ళు దాటితే ఏ కేసూ చెల్లదు.

వాస్తవం: కేసు పెట్టే గడువు శిక్షను బట్టి ఉంటది. జరిమానా ఒక్కటే ఉన్న నేరమైతే 6 నెలలు, ఏడాది దాకా జైలు ఉంటే ఏడాది, మూడేళ్ళ దాకా ఉంటే మూడేళ్ళు. అంతకంటే పెద్ద శిక్ష ఉంటే గడువే లేదు, మర్డర్ అయినా, ఏడేళ్ళ శిక్షున్న చీటింగ్ అయినా. ఒకే కేసులో నాలుగు సెక్షన్లుంటే పెద్ద శిక్ష ఉన్నదే లెక్క, అందుకే ఎఫ్ఐఆర్‌లో ఇంకో సెక్షన్ తగిలించారా లేదా అని మేము అంత తవ్వేది.

గడువు ఏ రోజుతో ఆగుతది అన్నదే అసలు గొడవ. కోర్టు కాగ్నిజెన్స్ తీసుకున్న, అంటే కేసును విచారణకు తీసుకున్న రోజు కాదు, ఫిర్యాదు వేసిన రోజే చూడాలని 2013లో సారా మాథ్యూ కేసులో ఐదుగురు జడ్జిల బెంచ్ చెప్పింది. అయినా పోలీస్ కేసుల్లో ఛార్జిషీట్ లేటైందని మేము వాదిస్తూనే ఉన్నం, కొన్నిసార్లు నడిచింది కూడా. 2024 జులై 1న వచ్చిన బీఎన్ఎస్ఎస్ 514లో ఎఫ్ఐఆర్ రాసుకున్న రోజే లెక్క అని వివరణ పెట్టేసిన్రు, డిఫెన్స్‌కు ఒక మంచి పాయింట్ పోయింది. న్యాయంగా చూస్తే పోవాల్సిందే లెండి, స్టేషన్లో ఫైల్ మూలుగుతుంటే దెబ్బలు తిన్నోడిది తప్పేంది? ఆ గడువు దాటాకే ఫిర్యాదు చేసినా, సరైన కారణం చూపిస్తే కోర్టు ఆలస్యాన్ని మాఫ్ చేయొచ్చు.

అపోహ: కొత్త చట్టంలో 90 రోజుల్లో దర్యాప్తు పూర్తి చేయాలి.

వాస్తవం: రేప్, పోక్సో కేసులకు రెండు నెలలని ఉంది. మిగతావాటికి 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు కేసు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి, అంతవరకే. మా క్లయింట్ ఒకావిడకు సరిగ్గా ఆఖరి రోజు వాట్సాప్‌లో "కేసు దర్యాప్తులో ఉన్నది" అని ఒక్క లైన్ వచ్చింది, స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపి "ఇదేనా సార్?" అని అడిగింది. ఇదేనమ్మా అన్న.